పాత పేరు వదలట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకుని ఏడాది దాటింది. అయినా పత్తి అమ్మడానికి ఎనుమాముల మార్కెట్‌కు పోతే మా ఊరోళ్లు 'తాగుబోతోడు వచ్చిండు' అనే అంటరు. దేవుడు నన్ను కొత్తగా చేసిండని ఎట్ల నమ్మాలన్నా?

జవాబు: తమ్ముడూ, 1 కొరింథీయులకు 6:10, 11 ఈ రాత్రే తీసి చూడు. దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్లలో దొంగలతో పాటు తాగుబోతులనూ పౌలు రాశాడు, రాసిన వెంటనే మీలో కొందరు అట్లాంటివాళ్లే, ఇప్పుడు కడగబడ్డారు అంటాడు. అంటే నీలాంటివాళ్లు పౌలు ఈ ఉత్తరం రాసిన కొరింథు సంఘంలోనే ఉన్నారు. పాత సంగతిని ఆయన దాచలేదు, దాన్నే వాళ్ల పేరుగానూ ఉంచలేదు.

ఇక యిర్మీయా 29:11, మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఉండే నిరీక్షణ వాగ్దానం. దానికి ముందు వచనం మాత్రం ఎవరూ అచ్చు వేయరు (గోడకు అందంగా ఉండదు మరి), చెరపట్టి తీసుకుపోయిన యూదులకు బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. అప్పటిదాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనం. నీ పాత పేరు పోవడానికీ టైం పడుతుంది, కాబట్టి ఊరి నోరు మూయించాలని టెన్షన్ పడకు. కల్లు బాకీలుంటే పత్తి పైసలు రాగానే కట్టెయ్, మిగిలింది ఇంట్లో ఇవ్వు. పైసలు చేతిలో పడ్డ రోజే పాత దోస్తులు పిలుస్తారు, ఆ రోజు సంఘంలో ఎవరినైనా వెంట తీసుకుపో.