రిపోర్టులో ‘మెటాప్లేజియా’ అని ఉంటే క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 38. ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట అవుతోందని వెళితే డాక్టరమ్మ పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్ష) చేయించారు. రిపోర్టులో ‘ఎన్ఐఎల్ఎం, స్క్వేమస్ మెటాప్లేజియా కణాలు ఉన్నాయి’ అని రాశారు. ఇంటర్నెట్‌లో చూస్తే అన్నీ క్యాన్సర్ కబుర్లే. గర్భసంచి తీయించుకోమని బంధువులు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి? – ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ఈ రిపోర్టు ప్రకారం మీకు క్యాన్సర్ లేదమ్మా. ఎన్ఐఎల్ఎం అని రాశారంటే, క్యాన్సర్ గానీ దానికి ముందు వచ్చే మార్పులు గానీ ఆ శాంపిల్‌లో కనిపించలేదని అర్థం.

ఒక రకం కణాలు ఉండే చోట, అక్కడి పరిస్థితిని తట్టుకోగల మరో రకం మామూలు కణాలు రావడమే మెటాప్లేజియా. గర్భాశయ ముఖద్వారం లోపలి పొరలో కణాలు ఒకే వరుసలో, సున్నితంగా ఉంటాయి. యుక్తవయసులో, గర్భిణిగా ఉన్నప్పుడు ఆ పొర కాస్త బయటికి తిరిగి, యోనిలోని ఆమ్లం తగులుతుంది. అప్పుడు దాని అడుగునున్న కణాలు చాలా వరుసల గట్టి పొరగా ఎదుగుతాయి. ఇది ప్రతి ఆడపిల్లలోనూ జరిగేదే. ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఎక్కువగా పట్టుకునేది కూడా ఈ మారే భాగాన్నే కాబట్టి, పరీక్షకు శాంపిల్ అక్కడి నుంచే తీయాలి. మీ రిపోర్టులో ఆ కణాలు ఉన్నాయంటే శాంపిల్ సరైన చోటి నుంచి తీశారన్నమాట.

మనం జాగ్రత్త పడాల్సింది డిస్‌ప్లేజియా, అంటే క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పుల విషయంలో. అందులో కణాల కేంద్రకాలు పెద్దవై, అమరిక గాడి తప్పుతుంది. రిపోర్టులో ఎల్ఎస్ఐఎల్ (తక్కువ స్థాయి మార్పులు), హెచ్ఎస్ఐఎల్ (ఎక్కువ స్థాయి మార్పులు) అని రాస్తారు. మీకు అవి లేవు. జీర్ణాశయం బయాప్సీలో ‘ఇంటస్టైనల్ మెటాప్లేజియా’ అని వస్తే మాత్రం హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించాలి, కొందరికి మళ్లీ ఎండోస్కోపీ కూడా అవసరమవుతుంది. మాట ఒకటే అయినా అవయవాన్ని బట్టి దాని బరువు మారుతుంది. మీరు ఇంటర్నెట్‌లో చదివింది అలాంటిదే కావచ్చు.

ఈ రిపోర్టు చూసి గర్భసంచి తీయించుకోవద్దు. అనవసరంగా ఈ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు, నాకు బాధ కలిగించే విషయమిది. తెల్లబట్టకు కారణం వేరే చూడాలి. దురద, పెరుగు విరిగినట్టు ఉండటం, చేపల వాసన వంటివి ఉంటే మీ గైనకాలజిస్టుకు చెప్పండి, మందులతో తగ్గుతుంది. పాప్ స్మియర్ మళ్లీ మూడేళ్లకు చేయించుకోండి. దాంతోపాటు హెచ్‌పీవీ పరీక్ష కూడా చేసి, రెండూ నార్మల్ వస్తే అయిదేళ్లకోసారి చాలు. ఈలోగా కలయిక తర్వాత గానీ, నెలసరికీ నెలసరికీ మధ్యలో గానీ రక్తం కనిపిస్తే గడువు కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.