వ్యాపారం నేర్పే కోర్సుల్లో కుతూహలానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

పరిష్కరించదగ్గ సమస్య ఎక్కడుందో కనిపెట్టడానికి ముందు కావలసింది కుతూహలమే కాబట్టి. లెక్కలు రాయడం, బిజినెస్ ప్లాన్ తయారుచేయడం పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. కస్టమర్ ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. వెళ్లి చూడాలి, అడగాలి, జవాబు వచ్చాక కూడా ‘అలా ఎందుకు?’ అని ఇంకోసారి అడగాలి. మంచి కోర్సుల్లో ప్లాన్ రాయకముందే విద్యార్థులను కస్టమర్ల దగ్గరికి పంపేది ఇందుకే.

తీసిన ఫొటోను అక్కడికక్కడే చేతికిచ్చే పోలరాయిడ్ కెమెరా సంగతే చూడండి. 1943లో, తర్వాత దాన్ని కనిపెట్టిన ఎడ్విన్ ల్యాండ్ ఫొటో తీస్తుంటే, దాన్ని ఇప్పుడే ఎందుకు చూడకూడదని ఆయన మూడేళ్ల కూతురు అడిగింది. ‘ఫిల్మ్ కడగాలి కదమ్మా’ అని చెప్పి ఊరుకోవచ్చు, చాలామంది చేసేది అదే. ఆయన మాత్రం ఆ కడిగే పనేదో ఫిల్మ్‌తోపాటే జరిగిపోయేలా చేయొచ్చా అని ఆలోచించడం మొదలుపెట్టారు. కెమెరా 1948లో అమ్మకానికి వచ్చింది. అంటే ప్రశ్నకు ఒక్క క్షణం, జవాబుకు ఐదేళ్లు!

కుతూహలం పుట్టుకతో రావాలి, నేర్పలేం అనుకోవడం పొరపాటు. ప్రశ్నించడం, విన్నదాన్ని సరిచూసుకోవడం అలవాట్లే, సాధనతో పెరుగుతాయి. ఒకే ఒక్క ‘సరైన’ జవాబుకు మార్కులేసే క్లాసులో అయితే ఉన్నది కూడా పోతుంది.