అన్న దగ్గర పని నేర్చుకున్నా, అన్న గిరాకీలకు మెసేజ్ పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది మహబూబ్‌నగర్. బీకాం ఫైనల్ ఇయర్. ఇంటర్ సెలవుల నుంచి మా వాడకట్టులో ఒక అన్న దగ్గర ఇళ్లు క్లీనింగ్ పనికి పోతున్నా. ఇప్పుడు సొంతంగా పెట్టుకుందామని ఉంది. బాబాయి లక్ష రూపాయలు సర్దుతానన్నడు. గిరాకీల నంబర్లన్నీ నా ఫోన్లనే ఉన్నయి, మెసేజ్‌లు పెట్టే పని అన్నే నాకు అప్పజెప్పిండు. రెండు బెడ్రూముల ఇంటికి అన్న 3,500 తీసుకుంటడు. అందులో ఇద్దరు అక్కలకు చెరి 700, నాకు 800, లిక్విడ్లకు 300, ఆటోకు 200 పోతయి. నేను 2,500కే చేస్తానని అందరికీ మెసేజ్ పెడితే తప్పా? అన్న సెప్టిక్ ట్యాంకు పనులు ఒప్పుకోడు, నేను ఒప్పుకుంటే ఇంకా గిరాకీ వస్తది. దోస్తులేమో అన్నకు ఆన్‌లైన్‌ల ఒక స్టార్ రేటింగులు కొడదామంటున్నరు. డిగ్రీ చదివి చీపురు పట్టుడేందని అమ్మ ఏడుస్తున్నది. ఏం చేయాలె?

జవాబు: తమ్ముడూ, ముందు నీ మనసులో ఉన్న ఒక భయం తీసేస్తా. అన్న దగ్గర పని నేర్చుకొని అదే ఊళ్లో అదే పని పెట్టుకోవడం ద్రోహం కాదు. టైలర్ దగ్గర కాజాలు కుట్టిన పిల్లగాడు కొన్నేళ్లకు సొంత మిషన్ వేసుకుంటాడు. మెకానిక్ షెడ్డులో పానాలు అందించినవాడు ఎదురుగానే షెడ్డు తెరుస్తాడు. పనులు ఇట్లాగే ఒక చేతి నుంచి ఇంకో చేతికి వచ్చాయి. చట్టం కూడా నీకు అడ్డు రాదు. పని మానేశాక నువ్వు అదే వ్యాపారం చేయొద్దని ఎవరైనా కాగితం రాయించుకున్నా, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆ షరతు చెల్లదు.

నంబర్ల సంగతి వేరు. అవి నీ ఫోన్లో ఉన్నాయి గానీ నీవి కావు. వాళ్లు అన్నను నమ్మి ఇచ్చారు, అన్న నిన్ను నమ్మి ఇచ్చాడు. మీ పనిలో నంబరంటే వట్టి పది అంకెలు కాదని నాకంటే నీకే బాగా తెలుసు. ఏ ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉంటుందో, ఎవరు తాళంచెవి పక్కింట్లో పెట్టి డ్యూటీకి పోతారో, ఏ బీరువా తలుపు సరిగ్గా పడదో, అన్నీ చూసినవాడివి. అట్లాంటి ఇంటావిడకు ఒకరోజు నీ మెసేజ్ వస్తుంది: ‘నేను వేరే పెట్టుకున్నా, వెయ్యి తక్కువ.’ ఆమెకు వెయ్యి కంటే ముందు తట్టే ఆలోచన వేరే. పని మానేసి పోతూ నా నంబరు పట్టుకుపోయాడు, ఇంకా ఏమేం తెలుసో ఈ పిల్లగానికి అనుకుంటుంది. ఇళ్లల్లోకి పోయి చేసే వ్యాపారానికి ఆ అనుమానం ఒక్కటి చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మూలసూత్రం కూడా ఇదే. ఒక పనికోసం ఇచ్చిన వివరాలను ఆ పనికే వాడాలి.

మరి అన్న గిరాకీల్లో ఒక్కరికి కూడా చేయకూడదా? అట్లా అనను. గిరాకీ ఎవరి సొత్తూ కాదు. నువ్వు పెట్టుకున్నావని నలుగురి నోటా విని వాళ్లే ఫోన్ చేస్తే ధైర్యంగా పో. ‘నేనిప్పుడు అన్నతో లేను, వేరేగా చేస్తున్నా, అన్న కూడా చేస్తున్నాడు’ అని మొదటి మాటలోనే చెప్పు. మీ మేనత్త వాళ్లు, మీ కాలేజీ సార్లు, నీ ముఖం చూసి వచ్చినవాళ్లు ముందు నుంచీ నీవాళ్లే. మిగతావాళ్ల దగ్గరికి నీ అంతట నువ్వు కనీసం ఆరు నెలలు పోవద్దు. ఈ గడువు ఏ చట్టంలోనూ లేదు, నా లెక్క మాత్రమే. ఆ ఆరు నెలల్లో నీ పని సొంతంగా నిలబడుతుందో లేదో నీకూ తెలుస్తుంది.

ఇక 2,500 రేటు. నువ్వు రాసిన లెక్కే నీ ముందు పెడతా. అన్నీ కలిపితే 2,700 ఖర్చు. అంటే ఇంటికి 200 నష్టం. ‘నా 800 నేనే తీసుకుంటా కదా, ఆ ఖర్చు లేదు’ అంటావేమో. సరే, నీ కూలి తీసేస్తే ఖర్చు 1,900. 2,500లో మిగిలేది 600. అన్న దగ్గర కూలికిపోయి 800 తెచ్చుకున్నవాడివి, ఓనరువై 600 తెచ్చుకుంటావన్నమాట. వాక్యూమ్ మిషన్ మోటారు కాలితే అందులోంచే. ఆషాఢంలో గృహప్రవేశాలు లేక ఖాళీగా కూర్చునే రోజులకూ అందులోంచే. 3,500లో ఖర్చులు పోను అన్నకు మిగిలే 800 చూసి నువ్వు లాభమనుకున్నావు. ఖాళీ రోజుల తిండి అందులోనే ఉంది.

ఆ రేటుకు రెండు నెలలు లాగాక చేయి ఎక్కడెక్కడికి పోతుందో చెప్పమంటావా? మొదట అక్కల కూలి మీదికి పోతుంది, 700 కాస్తా 500 అవుతుంది. పొద్దున పిల్లలకు బువ్వ వండిపెట్టి వచ్చి, సాయంత్రం దాకా మోకాళ్ల మీద కూర్చొని పెయింటు చుక్కలు గీకే మనుషులు వాళ్లు. నువ్వు ఇచ్చే డిస్కౌంటు వాళ్ల జేబులోంచి ఇస్తున్నావని గిరాకీకి తెలియదు. తరువాత చేయి లిక్విడ్ల మీదికి పోతుంది. మంచి లిక్విడ్ వేసి గంట రుద్దే బదులు, యాసిడ్ పోసి పది నిమిషాల్లో కడిగేస్తారు.

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మ ఉండే పాత ఇంట్లో తాండూరు బండలు. ఒక దసరా ముందు, అందరికంటే తక్కువ చెప్పాడని ఒకతనికి పని ఒప్పజెప్పాం. బకెట్లో యాసిడ్ కలిపి బండల మీద పోశాడు. బుస్సుమని తెల్లటి నురగ. ‘చూడుండ్రి, మురికెట్ల పోతున్నదో’ అన్నాడు. సాయంత్రానికి బండలు కొత్తగా ఉన్నాయని అమ్మ మురిసిపోయింది. వారం తిరక్కముందే నునుపు పోయి బండ తెల్లగా పాలిపోయింది, అరికాలికి సుద్దముక్క మీద నడిచినట్టు గరగర. గడపకు పూసిన పసుపు చుక్క బండ మీద పడితే లోపలికి ఇంకిపోయింది, ఇప్పటికీ పోలేదు. తాండూరు బండ, షాబాద్ బండ రెండూ సున్నపురాయే. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురగ వచ్చేది రాయి కరిగినందుకు. పాలరాతికీ అంతే. టైల్స్ యాసిడ్‌కు తట్టుకున్నా వాటి సందుల్లో నింపిన సిమెంటు తట్టుకోదు. అదే రోజు బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉన్న బాత్రూంలో అదే యాసిడ్ పోసేసరికి, అతని వెంట వచ్చిన ఆడమనిషి దగ్గుకుంటూ బయటి మెట్ల మీద కూలబడింది. ఆ రెండూ కలిస్తే లేచేది క్లోరిన్ గ్యాస్. ఆమె కళ్లు చాలాసేపటి దాకా ఎర్రగానే ఉన్నాయి. ఆ తక్కువ రేటుకు ఒప్పుకున్నవాళ్లం మేమే కాబట్టి ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

కాబట్టి అన్న కంటే ఎక్కువ తెలుసుకొని పోటీ పడు. బోరు నీళ్లతో నల్లాల మీద, టైల్స్ మీద పట్టే తెల్లచారకు నిమ్మఉప్పు నీళ్లు నానబెట్టి ఓపికగా రుద్దితే చాలు. బండల మీద మాత్రం అది కూడా వద్దు, అదీ యాసిడే. ఏ ఇంటికి పోయినా ముందు నేల ఏ రాయో చూసి, ఏం వాడతావో వాళ్లకు చెప్పు. నీళ్ల ట్యాంకు కడిగితే కడిగిన తేదీ రాసి మూత లోపలివైపు అంటించు, ఆరు నెలలకు వాళ్లే వెతుక్కుంటూ పిలుస్తారు. మన ఊళ్లో 2016లో మెడికల్ కాలేజీ వచ్చింది, పిల్లల హాస్టళ్లు, అద్దె గదులు, క్లినిక్కులు ఉన్నాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ల అద్దె ఇళ్లున్నాయి. వీటిలో అన్న ఇంకా తట్టని తలుపులు ఏవో నీకే తెలుసు. అక్కడ మొదలుపెట్టు. 3,500 చెప్పడానికి మొహమాటం వద్దు. చిన్న ఇంటికి కొంత తగ్గించాలనిపిస్తే పని తగ్గించి తగ్గించు. వంటగది, బాత్రూంలు మాత్రమే అయితే ఇంత, మొత్తం ఇల్లయితే ఇంత అని.

సెప్టిక్ ట్యాంకు విషయంలో మీ అన్న చేసిందే సరైన పని. అందులోకి మనిషిని రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. దింపినవాడికి మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. అంటే అప్పటికీ మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఆ గుంతలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన లేదు కదా అని ఒకడు దిగుతాడు, వాణ్ని లాగడానికి ఇంకొకడు దిగుతాడు. ఎవరైనా అడిగితే మురుగు గుంజే ట్యాంకర్ నంబరు ఇవ్వు, అంతకంటే ముందుకు పోవద్దు.

రేటింగుల గురించి ఒక్కటే మాట: వద్దు. ఆ సలహా ఇచ్చిన దోస్తులకూ గట్టిగా చెప్పు. నీకు అన్నం పెట్టిన చేతి మీద అబద్ధం రాయడానికి ఏ కారణమూ సరిపోదు.

అమ్మ బాధ నాకు అర్థమవుతుంది. పాలమూరు లేబర్ అని పేరుపడ్డ జిల్లా మనది. ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకొని ఎక్కడెక్కడికో మట్టిపనికి పోయిన రోజులు ఆ తరం కళ్లారా చూసింది. కొడుకు డిగ్రీ చదివితే ఆ రోజులు పోతాయనుకుంది. ఆమెకు మాటలతో చెప్పకు. బీకాం పూర్తి చేసి, నీ లెక్కల పుస్తకం నువ్వే రాసి, ఆర్నెల్ల తరువాత ఆమె ముందు పెట్టు. పరీక్షలు అయ్యేదాకా మాత్రం వ్యాపారం మొదలుపెట్టకు.

కాగితాలు పెద్ద విషయం కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వొద్దు. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మిషన్ కొనడానికి డబ్బు చాలకపోతే చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్రా శిశు రుణం 50,000 దాకా ఉంది. బాబాయి లక్షకు కూడా ఒక కాగితం రాసుకోండి.

ఇక అన్నతో మాట్లాడటం. ఆషాఢంలోనే మాట్లాడు. శ్రావణంలో ముహూర్తాలు మొదలై, ఇళ్లన్నీ బుక్కయ్యాక చెప్పి వదిలేస్తే నువ్వు ఆయన నడుం విరిచినట్టే. ఒప్పుకున్న పనులు ఉంటే అవి అయ్యేదాకా ఉంటానని చెప్పు. అక్కలను నీతో రమ్మని పిలవకు. వాళ్లే వస్తామంటే ముందు అన్నకు చెప్పి రమ్మను. పోయేటప్పుడు గిరాకీల నంబర్లన్నీ ఒక నోటుపుస్తకంలో శుభ్రంగా రాసి తీసుకుపో, పేరు, వీధి, కిందటిసారి చేసిన తేదీతో సహా. పుస్తకం అన్న చేతికిచ్చి, ఆయన ముందే ఫోన్లోంచి తీసెయ్. ఆయన ఆ రోజు కోపంగా ఏదో ఒకటి అంటాడు. అననీ, ఎదురు చెప్పకు. టీ తాగి రా.