ముసురు పట్టిన రోజున మధ్యలో కుండపోత ఎందుకు?

వాయుగుండం వానంటే రోజంతా పట్టే ముసురే కదా, అందులో ఉన్నట్టుండి కుండపోత ఎక్కడిది అని అడిగారు. నేను దగ్గర నుంచి చూసింది 2020 అక్టోబరు 13 రాత్రి. ఆ పొద్దున తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ వైపు వచ్చింది. మేమప్పుడు హైదరాబాద్ ఉప్పల్‌లో ఉండేవాళ్లం. డాబా మీద నాదొక ప్లాస్టిక్ వర్షమాపకం ఉండేది (ఇంట్లో వాళ్లకు అదో పిచ్చిలా కనిపించేది). టార్చి వేసి చూస్తే కాసేపు నీళ్లు గీత గీతగా ఎక్కేవి. ఇంతలో చినుకు లావయ్యేది, మెరుపు కనపడకుండానే పైనెక్కడో ఉరిమేది, చూస్తుండగానే నాలుగైదు గీతలు దాటేసేది. మళ్లీ ముసురు. తెరిపి మాత్రం లేదు.

మర్నాడు ఉదయానికి బేగంపేటలో 24 గంటల వాన 19 సెంటీమీటర్లు దాటింది. సగటు తీస్తే గంటకు 8 మిల్లీమీటర్లే. అలా సమంగా పడి ఉంటే కార్లు కొట్టుకుపోయేంత వరద వచ్చేది కాదని నా అభిప్రాయం. ముంచింది మధ్యలో పడిన ఆ దంచుడే.

ముసురు మేఘంలో గాలి చాలా నెమ్మదిగా, సెకనుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పైకి లేస్తుంది. ఆ పొర లోపలే అక్కడక్కడా క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపులు తెచ్చే ఎత్తైన మేఘాలు, పుడతాయి. వాటిలో గాలి సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో లేస్తుంది. గాలి ఎంత వేగంగా లేస్తే ఆవిరి అంత త్వరగా నీరవుతుంది. ముసురు పొరలో ఇలాంటి మేఘాలు ఇమిడి ఉండటాన్నే ఎంబెడెడ్ కన్వెక్షన్ అంటారు.

ఏప్రిల్‌లో వచ్చే గాలివానకూ దీనికీ తేడా చుట్టూ ఉన్న గాలిలో ఉంది. ఎండాకాలంలో పొడిగాలి మేఘంలోకి చొరబడి దాన్ని పలచన చేస్తుంది, చినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరైపోతాయి. ఆ ఆవిరికి చల్లబడిన గాలి ఈదురుగాలిగా కిందికి దూకి, మేఘానికి అందే వెచ్చటి తేమను తెంచేస్తుంది. అందుకే అరగంటలో హడావుడి అయిపోతుంది. ముసురులో గాలి ముందే తడిసి ఉంటుంది కాబట్టి ఈ నష్టాలన్నీ తక్కువ. పైగా చుట్టూ ఉన్న మేఘంలోని సన్న తుంపరలను కూడా పెద్ద చినుకులు ఊడ్చుకుంటూ దిగుతాయి. ఒక మేఘం వెనక ఇంకొకటి అదే దారిలో వస్తే ఇక ఆ బస్తీ పని అంతే. నేల అప్పటికే నాని ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి, పడిన నీరంతా నాలాకే.

ఉపగ్రహ చిత్రంలో ఇదంతా ఒకటే తెల్లటి దుప్పటి, చూసినా పెద్దగా తెలియదు. వాతావరణ శాఖ సైట్‌లో, వాన ఎక్కడ ఎంత గట్టిగా పడుతోందో రంగుల్లో చూపే హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ చూడండి. పలచటి రంగు మధ్యలో ఎర్రటి చుక్కలు వరసకట్టి మీ వైపే వస్తుంటే సెల్లార్‌లో బండి అప్పుడే పైకి తెచ్చేయండి.