రీఫ్ అంటే తెరచాప మడతా, పగడపు దిబ్బా, గనిలోని బంగారు పట్టీనా?

మూడూనూ. మొదటి రెండూ పాత నార్స్ భాషలోని ‘రిఫ్’ నుంచి వచ్చాయి, అర్థం పక్కటెముక.

సముద్రంలో అయితే నీటి మట్టానికి కాస్త కిందుగా ఉండి, ఓడ అడుగు చీల్చే రాతి లేదా పగడపు గట్టు. లక్షద్వీప్‌లో ఉన్నవి పగడపువి.

పడవ మీద అయితే, గాలి ముదిరినప్పుడు తెరచాపను కుదించడానికి వేసే మడత. ఇక్కడ వరస ముఖ్యం. చాపను ఎత్తే తాడు వదిలి కిందికి దించాలి, ముందంచున ఉన్న కంటిని (తాడు దూర్చే గట్టి రంధ్రాన్ని) కొక్కేనికి తగిలించాలి, ఎత్తే తాడు మళ్లీ బిగించాలి, ఆ తర్వాతే వెనక కంటిని కిందికీ వెనక్కీ లాగి కట్టాలి. మధ్యలో చిన్న రంధ్రాల నుంచి వేలాడే పొట్టి తాళ్లు మిగిలిన గుడ్డను చుట్టి ఉంచడానికే. వాటిని బిగించి కడితే లాగుడంతా వాటి మీద పడి, చాప ఆ రంధ్రాల దగ్గరే చిరుగుతుంది.

గనుల్లో సముద్రంతో పనే లేదు. రాతి పగులులో నిండిన, బంగారమున్న పలుగురాతి పట్టీ రీఫ్. ఎందరో తెలుగువాళ్లు పనిచేసిన కోలార్ గనుల్లోని ‘చాంపియన్ రీఫ్’ అదే. దాని వెంట 3 కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వారు. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్‌లో మాత్రం బంగారమున్న గులకరాళ్ల పొరను కూడా రీఫ్ అంటారు.