ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్‌ను ఎంత లోపలికి నొక్కాలి?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అమెరికా వాళ్ల వీడియోల్లో తూటాలు సొంతంగా తయారు చేసుకుంటూ, కేసులో (తూటా ఇత్తడి గొట్టంలో) బుల్లెట్ ఎంత లోతు దిగాలో అంత సన్నగా కొలుస్తున్నారు. బ్యారెల్ వంచి పెల్లెట్ పెట్టే నా బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్‌కు కూడా అలాంటి కొలత ఉందా? నా గ్రూప్, అంటే కార్డు మీద పడే రంధ్రాల గుంపు, నిలువుగా సాగిపోతోంది."

ఉంది తమ్ముడూ, కాకపోతే ఆ లెక్క వేరు, మన లెక్క వేరు. వాళ్లు చూసేది బుల్లెట్‌కూ బ్యారెల్‌లో రైఫ్లింగ్ (లోపలి మెలి గాళ్లు) మొదలయ్యే చోటుకూ మధ్య ఉండే దూరం. బుల్లెట్ మరీ లోతుగా దిగితే కేసులో జాగా తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. మరీ బయటికి ఉండి రైఫ్లింగ్‌ను తాకినా పెరుగుతుంది. అందుకే వాళ్లకు అది ప్రాణాల మీదికి వచ్చే కొలత. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అటువైపు ఆలోచనే పెట్టుకోకు.

ఎయిర్ రైఫిల్‌లో తుపాకీ మందు లేదు, కేసు లేదు. 4.5 మి.మీ. పెల్లెట్‌కు ముందు తల, వెనక గౌను అంచులా పల్చటి బోలు భాగం, దాన్నే స్కర్ట్ అంటారు. వెనక నుంచి గాలి తోస్తే స్కర్ట్ విప్పారి బ్యారెల్ గోడకు అతుక్కోవాలి. అది ప్రతిసారీ ఒకేలా జరగాలి, అంతే. నేను మిర్యాలగూడలో ఖాళీగా ఉన్న ఒక రైస్ మిల్లు గోడౌన్‌లో 10 మీటర్ల లేన్ వేసి పిల్లలకు నేర్పిస్తుంటాను. నిలువు గ్రూప్ అని వచ్చేవాళ్లలో చాలామంది పెల్లెట్‌ను ఒకసారి గట్టిగా, ఒకసారి తేలిగ్గా నొక్కుతుంటారు. స్కర్ట్ అంచు రవ్వంత బయటికి ఉన్నా బ్యారెల్ మూసేటప్పుడు అది నలుగుతుంది. నలిగిన వైపు నుంచి గాలి జారి వేగం మారుతుంది. పెల్లెట్ పైకో కిందికో పోవడం అక్కడే మొదలు.

ముందుగా ఇది చెయ్యి. బొటనవేలితో నొక్కి, గోరు అడ్డంగా జరిపి చూడు. అంచు తగలకూడదు, బ్రీచ్ ముఖంతో (పెల్లెట్ పెట్టే వైపు బ్యారెల్ అంచుతో) సమానంగా ఉండాలి. తర్వాత గుండ్రటి మొన ఉన్న పెన్ను క్యాప్‌తో ఇంకొంచెం లోపలికి, ప్రతిసారీ క్యాప్ ఒకే గుర్తు దాకా దిగేలా నొక్కి చూడు. ఇసుక నింపిన గోనెసంచి మీద రైఫిల్ పెట్టి, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో 5 సమానంగా, 5 లోపలికి, మళ్లీ సమానంగా, ఇలా మార్చి మార్చి కాల్చు. అన్నీ ఒక పద్ధతిలో కాల్చేసి తర్వాత రెండోది మొదలుపెడితే, చెయ్యి అలసిపోయిన తేడాను లోతు తేడా అనుకుంటావు. రంధ్రాల గుంపును వెర్నియర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి 4.5 తీసెయ్యి. నా రైఫిల్‌లో కొంచెం లోపలికి నొక్కితేనే నిలువు సాగుడు తగ్గింది. నీదాంట్లో అలాగే అవుతుందని చెప్పలేం, కాగితమే చెబుతుంది.

రెండు పద్ధతుల్లోనూ తేడా రాకపోతే లోతును వదిలేసి తల సైజు మార్చి చూడు. 4.49, 4.50, 4.51 అని డబ్బా మీదే రాసి ఉంటుంది. నా అనుభవంలో లోతు కంటే ఇదే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఇక గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఈవెంట్‌లో వాడే పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచే) రైఫిళ్లలో ఈ తిప్పలు తక్కువ. వాటిలో పెల్లెట్‌ను లోపలికి తోసేది బోల్టే.

బ్యారెల్ వంచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకో, వదలొద్దు. స్ప్రింగ్ జారితే వేలు పోతుంది. పెల్లెట్ సీసంతో చేస్తారు కాబట్టి అన్నం తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కో. ఈ పరీక్ష చేశాక రెండు కార్డుల ఫొటోలు, డబ్బా మీది తల సైజు పెట్టు, చూసి చెబుతాను.