‘అన్నా, ఎవరికీ చెప్పొద్దు’ అంటే టీమ్ లీడ్ ఏం చేయాలి?

ప్రశ్న: అమెరికా వచ్చి మూడేళ్లయింది. డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో హెచ్‌1బీ వర్క్ వీసా మీద పనిచేస్తున్నాను. ఈమధ్యే టీమ్ లీడ్‌ని చేశారు. నిన్న శుక్రవారం రాత్రి ఒక హోటల్లో మా కంపెనీ హాలిడే పార్టీ జరిగింది. మా టీమ్‌లో సీనియర్ ఒకాయన, తెలుగాయనే, బాగా తాగి ఉన్నాడు. కొత్తగా చేరిన అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె పక్కకు జరిగితే మళ్లీ వేశాడు. నేను చూశాను. తర్వాత పార్కింగ్‌లో ఆమె ఏడుస్తూ ఇంకొన్ని విషయాలు చెప్పింది. చివర్లో ‘అన్నా, ఎవరికీ చెప్పొద్దు, నా వీసా సంగతి తెలుసు కదా’ అంది. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు, గ్రీన్‌కార్డు నడుస్తోంది. ఆఫీసు బయట, పని వేళలయ్యాక జరిగింది కాబట్టి వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. సోమవారం పొద్దున్నే హెచ్‌ఆర్‌కి చెప్పండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేను వదిలేశాను.

2003లో వచ్చాను. 2009లో మొదటిసారి లీడ్ అయ్యాను, అప్పటికి నేనూ హెచ్‌1బీ మీదే ఉన్నాను. ఆ డిసెంబర్ పార్టీలో తలా రెండు డ్రింక్ టికెట్లు ఇచ్చారు, ఒక్కో టికెట్‌కి బార్‌లో ఒక డ్రింక్. నేను తాగను. నా రెండు టికెట్లూ పక్కనున్న స్నేహితుడి చేతిలో పెట్టాను. మన వాళ్లం చాలామంది ఇదే చేస్తాం, మర్యాద అనుకుంటాం. రాత్రి పదిన్నరకు కోట్లు తగిలించే గది దగ్గర మా టీమ్ అమ్మాయి కనిపించింది. కోటు వేసుకోవాలని చూస్తోంది. చేతులు వణుకుతున్నాయి, కోటు చెయ్యి దొరకడం లేదు. ఒకే చేతిని మళ్లీ మళ్లీ లైనింగ్‌లోకి దూరుస్తోంది. ఏమైందమ్మా అంటే చెప్పింది. చేసినవాడు నా టికెట్లు తీసుకున్న ఆ స్నేహితుడే. నేనన్న మాట ఇది: ‘తాగి ఉన్నాడులేమ్మా, పోనీ. తెల్లారితే వాడికే సిగ్గేస్తుంది.’

మార్చికల్లా ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది అతను ఇంకొకామెతో అలాగే చేశాడు. ఆమె ఊరుకోలేదు. విచారణలో నన్ను పిలిచి అడిగారు, ఇలాంటిది నీకు ముందే తెలుసా అని. తెలుసని చెప్పాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ ఆ మాట రాసుకుంటుంటే పెన్ను చప్పుడు నాకు వినిపించింది. పదిహేనేళ్లు దాటినా మరిచిపోలేదు.

ఇక మీ సందేహం. పార్టీ కంపెనీ పెట్టింది, పిలిచింది కంపెనీ, వచ్చినవాళ్లు సహోద్యోగులు. హోటల్లో జరిగినా, రాత్రి తొమ్మిదికి జరిగినా అది ఆఫీసు విషయమే. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. మీరు టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి ఇంకోటి తెలుసుకోండి. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఈ రాష్ట్రంలో లైంగిక వేధింపుల విషయంలో ఒక్క ఉద్యోగి ఉన్న కంపెనీ కూడా చట్టం కిందికి వస్తుంది. విషయం తెలిసినా, తెలిసి ఉండాల్సినా వెంటనే తగిన చర్య తీసుకోవాలని అందులో ఉంది. కంపెనీకి ‘తెలియడం’ ఎలా జరుగుతుంది? చాలాసార్లు మీలాంటి లీడ్ ద్వారానే. మీ ఎంప్లాయీ హ్యాండ్‌బుక్ తెరిచి చూడండి. చాలా కంపెనీల్లో లీడ్, మేనేజర్ స్థాయివాళ్లు ఇలాంటిది చూసినా విన్నా తప్పనిసరిగా చెప్పాలని రాసి ఉంటుంది. అలా ఉంటే అన్నలా దాచే వెసులుబాటు మీకు లేదు.

ఆ అమ్మాయి వీసా భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు, ఏది ముందైతే అదే దిక్కు. ఇంట్లో అప్పు తీరకుండా, వచ్చిన కొత్తలో ఆ 60 అంకె ఎంత నిద్ర పాడుచేస్తుందో మనిద్దరికీ తెలుసు. కానీ వివక్ష, వేధింపుల నుంచి రక్షణ ఇచ్చే చట్టం వీసా ఏమిటని అడగదు. ఫిర్యాదు చేసినందుకు తీసేయడం, పని మార్చడం, రేటింగ్ తగ్గించడం చట్టం కింద వేరే ఉల్లంఘన అవుతాయి. సాక్షికీ ఇదే రక్షణ ఉంది. నాష్‌విల్‌లో ఒక ఉద్యోగిని తనంతట తాను ఫిర్యాదు చేయలేదు, తాను పనిచేసే నగర ప్రభుత్వం జరిపిన విచారణలో అడిగితే మాత్రం జరిగింది చెప్పింది. తర్వాత ఉద్యోగం పోయింది. ఆమెకూ రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2009 జనవరిలో ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. క్రాఫర్డ్ కేసు అంటారు. నేను ‘పోనీ’ అన్నది అదే ఏడాది డిసెంబర్‌లో. ఆ తీర్పు సంగతి అప్పుడు తెలిసి ఉంటే నా భయం సగం తగ్గేది.

అయితే ఈ రక్షణ కాగితం మీద ఆధారం ఉన్నవాళ్లకే బాగా పనికొస్తుంది. కాబట్టి ఈ రాత్రే కూర్చుని రాయండి. ఎన్ని గంటలకు, ఏ టేబుల్ దగ్గర, ఎవరెవరు ఉన్నారు, ఆయన చెయ్యి ఎక్కడ వేశాడు, ఆమె ఎటు జరిగింది, మళ్లీ ఏం చేశాడు. మీరు కళ్లారా చూసింది ఒక పేరాలో, ఆమె పార్కింగ్‌లో చెప్పింది వేరే పేరాలో, ఆమె మాటల్లోనే. ‘అసభ్యంగా ప్రవర్తించాడు’ అని రాయకండి, అది మీ అభిప్రాయం అవుతుంది. ‘ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు, ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది, మళ్లీ వేశాడు’ అని రాయండి. హెచ్‌ఆర్‌కి మెయిల్ నాలుగు లైన్లు చాలు: పార్టీలో ఇది చూశాను, ఇది విన్నాను, లీడ్‌గా తెలియజేస్తున్నాను, నా నోట్సు జత చేశాను. ఆయన్ని ఏం చేయాలో సలహా ఇవ్వకండి.

ఆ అమ్మాయి కన్సల్టెన్సీ ద్వారా వచ్చి మీ దగ్గర పనిచేస్తుంటే, అంటే ఆమె ఎంప్లాయర్‌కి మీ కంపెనీ క్లయింట్ అయితే, విషయం రెండు చోట్లా తెలియాలి. మన వాళ్ల కేసులు చాలా ఇక్కడే మునుగుతాయి. క్లయింట్ ‘మా ఉద్యోగి కాదు’ అంటాడు, ఎంప్లాయర్ ‘క్లయింట్‌తో గొడవ వద్దు, వేరే ప్రాజెక్టు చూద్దాం’ అంటాడు, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చునేది ఆ పిల్ల. మీరు మీ హెచ్‌ఆర్‌కి రాయండి. ఆమె తన ఎంప్లాయర్‌కి రాస్తుంది. ఆమెను కాపాడుతున్నాననుకుని మీటింగులకు పిలవడం మానేయకండి, సీటు మార్చకండి. మార్చాల్సి వస్తే ఆయన్నే మార్చమని హెచ్‌ఆర్‌ని అడగండి. కంపెనీ పట్టించుకోకపోతే బయటకు వెళ్లే దారీ ఉంది. ఉద్యోగాల్లో వివక్ష, వేధింపుల ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు గడువు మామూలుగా 180 రోజులు. టెక్సాస్ లాంటి, సొంత సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు. ఈ అంకె ఆమెకు చెప్పి ఉంచండి.

ఇప్పుడు మన వైపు నుంచి వచ్చేది. విషయం బయటపడ్డ రెండో రోజుకే ఫోన్లు మొదలవుతాయి. ‘మన తెలుగువాడే కదా, కూర్చోబెట్టి మాట్లాడదాం, సారీ చెప్పిస్తాం’ అంటారు పెద్దమనుషులు. ఆయన భార్య మీ ఆవిడకు ఫోన్ చేసి ఏడవచ్చు. ఆ కుటుంబం మీద నాకూ జాలి ఉంది. కానీ ఆ పంచాయితీలో అందరూ కలిసి ఒప్పించేది ఎప్పుడూ ఆ అమ్మాయినే. ఇంకొకరి ఇంటి హాల్లో, టీ కప్పు చేతిలో పెట్టి, ‘సరే’ అనిపించి పంపిస్తారు. మీరు ఆ కుర్చీలో కూర్చోకండి. ‘విషయం కంపెనీ చూస్తోంది, నేను మాట్లాడకూడదు’ అని చెప్పండి. ఆయన గ్రీన్‌కార్డు, పిల్లల సంగతి తూచే పని మీది కాదు. వార్నింగ్ ఇస్తారో ఇంకేం చేస్తారో కంపెనీ తేలుస్తుంది, ఆ ఫలితం మీకు చెప్పకపోవచ్చు కూడా. వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం పెట్టకండి. పార్టీ ఫొటోలు, వీడియోలు మీ ఫోన్‌లో ఉంటే ఒక్కటీ డిలీట్ చేయకండి.

వచ్చే పార్టీకి ఒకటే చెబుతాను. మీ టికెట్లు ఎవరికీ ఇవ్వకండి. తాగినవాళ్లకు కారు తాళం ఇవ్వకండి, క్యాబ్ బుక్ చేయండి. తాగి బండి నడిపి అరెస్టయితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసిన సందర్భాలు ఉన్నాయి.

అన్నిటికంటే కష్టమైన పని ఆదివారం సాయంత్రం ఉంది. ఆమెకు చెప్పకుండా హెచ్‌ఆర్‌కి వెళితే, నమ్మి చెప్పిన మనిషి వెనకనుంచి చేశాడనిపిస్తుంది. ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. నేనైతే ఇలా చెబుతాను: ‘అమ్మా, నువ్వు చెప్పింది నా దగ్గర దాచుకోలేను. లీడ్‌గా నేను చెప్పి తీరాలి. రేపు పొద్దున హెచ్‌ఆర్‌కి రాస్తున్నాను. నేను చూసింది చూసినట్టు రాస్తాను, నువ్వు చెప్పింది నువ్వు చెప్పినట్టే రాస్తాను, ఒక్క మాట కలపను. వాళ్లు పిలిస్తే ఏం చెప్పాలో నీ ఇష్టం. నువ్వు కూడా ఈ రాత్రే తేదీ వేసి రాసిపెట్టుకో, నీ సొంత మెయిల్‌కి పంపుకో. నీ ఇమిగ్రేషన్ గురించి ఒక అటార్నీతో మాట్లాడు, కంపెనీ లాయర్‌తో కాదు, నీ తరఫున చూసేవాళ్లతో.’

కోపం తెచ్చుకోవచ్చు. ‘మీకెందుకు చెప్పానా’ అనొచ్చు. అననివ్వండి, సంజాయిషీ ఇవ్వకండి. ఆమె మధ్యలో ఫోన్ పెట్టేసినా సోమవారం తొమ్మిదింటికి ఆ మెయిల్ వెళ్లాలి.